పడుకోగానే దాక్కునే నరాలు

పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళే ఒక ఆడమనిషిని ఊహించుకోండి. పేరు అక్కర్లేదు. 38 ఏళ్ళు, ముగ్గురు పిల్లలు, మూడో కాన్పు కాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. పొద్దున్నే వంట ముగించి, క్యారేజీ సర్దుకుని ఫ్యాక్టరీకి వెళితే పొద్దుగూకే దాకా కూర్చున్న చోటే. మునివేళ్ళతో పప్పు మీది పొట్టు ఒలవాలి. గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఒక పక్కకి తీయాలి. మధ్యాహ్నం దాటేసరికి పొత్తికడుపులో ఎడమవైపు బరువు మొదలవుతుంది. నాలుగింటికల్లా అది నడుంలోకి, తొడలోకి దిగుతుంది.

"పొద్దుట ఏటీ ఉండదు బాబూ. మద్దేనం నుంచి కడుపులో రాయి కట్టి లాగినట్టుంటాది. రేత్రి నడుం వాలిస్తే సల్లబడిపోతాది" అంటుంది.

ఈ మూడు వాక్యాల్లో రోగనిర్ధారణ ముప్పాతిక వంతు ఉంది. చిక్కల్లా, ఈ మాటలు వినాల్సిన చోట ఎవరూ వినరు. ఆమె ఒక రోజు కూలి వదులుకుని, పరగడుపున, తెల్లవారుజాము బస్సెక్కి టెక్కలికో శ్రీకాకుళానికో వెళుతుంది. స్కానింగ్ సెంటర్లో నీళ్ళు తాగించి, ఉగ్గబట్టుకోమని, బల్ల మీద పడుకోబెడతారు. అప్పటికి పదిన్నర. ఆమె నొప్పి ఇంకా నిద్రలేవలేదు. రిపోర్టులో "బల్కీ యూటరస్" అని ఒక ముక్క, మిగతాదంతా నార్మల్. రిపోర్టు చూసిన వాళ్ళు "గర్భసంచి వాచిందమ్మా" అంటారు. ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో తర్వాత చెబుతాను.

ఆమెకున్నది కటి సిరల్లో రక్తం నిలిచిపోవడం కావచ్చు. డాక్టర్లు పెల్విక్ కంజెషన్ సిండ్రోమ్ అంటారు. కొత్త పుస్తకాలు కటి సిరల రుగ్మత అని పేరు మార్చాయి. కాళ్ళలో వంకర్లు తిరిగి ఉబ్బే నరాలను మనం ఎరుగుదుం. అవే వంకర్లు గర్భసంచికీ అండాశయాలకీ చుట్టూ, కంటికి కనపడని చోట తిరిగితే ఈ జబ్బు.

ఇక్కడ మన భాష వల్ల వచ్చే తిరకాసు ఒకటుంది. రక్తం మోసే గొట్టాన్నీ, స్పర్శ మోసే తీగనీ కూడా తెలుగు జనం 'నరం' అనే అంటారు. కాలి మీద ఉబ్బినదీ నరమే, పక్షవాతంలో చచ్చుబడినదీ నరమే. పుస్తకాల్లో సిర, నాడి అని విడదీశారు గానీ ఆ మాటలు సంతలోకి దిగలేదు. కాబట్టి "నరాలు లాగుతున్నాయి" అని వచ్చిన మనిషికి నాడుల మందు రాసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మందు మారుతుంది, నొప్పి మారదు.

పలాస చుట్టుపక్కల ఉద్దానం రైతుకి ఈ జబ్బు ఎలా వస్తుందో చెప్పడం చాలా తేలిక. నూతి మీద మోటారు ఉన్నవాడికి ఫుట్‌వాల్వ్ అంటే తెలుసు. గొట్టం అడుగున ఉండే ఆ చిన్న తలుపు నీటిని పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. అందులో చెత్త ఇరుక్కున్నా, రబ్బరు అరిగినా, మోటారు ఆపగానే గొట్టంలోని నీళ్ళన్నీ నూతిలోకి దిగిపోతాయి. మర్నాడు బిందెతో నీళ్ళు పోసి మళ్ళీ ఎక్కించుకోవాలి. మన సిరల్లో కూడా ఇలాంటి తలుపులే, కవాటాలు, వరసగా ఉంటాయి. గుండె వైపు ఎక్కే రక్తాన్ని కిందికి జారకుండా పట్టుకుంటాయి.

అండాశయాల నుంచి పైకి వెళ్ళే సిరలు రెండు. కుడిది నేరుగా పెద్ద సిరలో, ఏటవాలుగా కలుస్తుంది. ఎడమది అలా కాదు. ఎడమ మూత్రపిండం నుంచి వచ్చే సిర దాకా ఎక్కి, దానిలో లంబకోణంలో గుచ్చుకుంటుంది. కాలవలో కలిసే బోదెను ఏటవాలుగా తవ్వకుండా అడ్డంగా తవ్వితే నీరు ఎలా ఎదురు తంతుందో తెలిసిన వాళ్ళకి మిగతాది చెప్పనక్కర్లేదు. పైగా ఆ మూత్రపిండ సిర, రెండు పెద్ద ధమనుల మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగే చోట ఉంది. కొందరిలో అది నిజంగానే నొక్కుకుపోయి రక్తం వెనక్కి తంతుంది. 1960ల్లో చేసిన శవపరీక్షల్లో ఎడమ అండాశయ సిరలో కవాటాలు అసలు లేనివారు నూటికి 15 మంది దాకా కనిపించారు, కుడివైపు 6గురు. మగవాళ్ళలో వృషణాల చుట్టూ సిరలు ఉబ్బే వెరికోసీల్ ఎక్కువగా ఎడమవైపే రావడానికీ కారణం ఇదే.

కాన్పులు దీనికి తోడు. గర్భంతో ఉన్నప్పుడు ఈ సిరలు మోసే రక్తం మామూలు కంటే 60 రెట్ల దాకా పెరగగలదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సాగిన గొట్టంలో తలుపు రెక్కలు ఒకదానికొకటి అందవు. ప్రతి కాన్పుకీ కాస్త కాస్త. అందుకే ఇది 20 నుంచి 45 ఏళ్ళ లోపు, ఒకటి కంటే ఎక్కువ కాన్పులైన వాళ్ళలో ఎక్కువ, ముట్లుడిగాక తగ్గుముఖం పడుతుంది. మన రాష్ట్రంలో "ఆపరేషనయ్యినప్పటి నుంచీ ఈ నొప్పి" అనే మాట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఆపరేషన్ చేయించేది ఆఖరి కాన్పు తర్వాత. సిరలు పూర్తిగా సాగిపోయేదీ అప్పుడే. రెండూ ఒకే ఏడాదిలో వస్తే నింద కంటికి కనపడే కుట్టు మీద పడుతుంది.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి మళ్ళీ వెళదాం. మనిషి నిలబడితే ఎడమ మూత్రపిండ సిర నుంచి కటి దాకా జానెడు ఎత్తు రక్తపు స్తంభం నిలబడుతుంది. కవాటాలు పనిచేయకపోతే ఆ జానెడు బరువూ, లెక్కకి సుమారు 17 మిల్లీమీటర్ల పాదరసం, గర్భసంచి చుట్టూ ఉన్న పలుచని సిరల మీద కూర్చుంటుంది. గంటల తరబడి కూర్చున్నా అంతే. పడుకుంటే స్తంభం నేలకి ఒరిగిపోతుంది. బరువు పోతుంది, ఉబ్బు దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. అంటే ఏ భంగిమలో నొప్పి పోతుందో సరిగ్గా ఆ భంగిమలోనే మనం దాన్ని వెతుకుతున్నాం.

కడుపులోకి గొట్టం పంపి చూసే లాపరోస్కోపీ ఇంకా విడ్డూరం. అందులో రోగిని పడుకోబెట్టడమే కాదు, తల కిందికి, కాళ్ళు పైకి వంచుతారు. కడుపులోకి కార్బన్ డయాక్సైడ్‌ని 12–15 మిల్లీమీటర్ల పీడనంతో నింపుతారు. మన జానెడు స్తంభం బరువెంతో గుర్తుంది కదా. సిరల్ని లోపలి నుంచి ఉబ్బించే బరువు తీసేసి, దాదాపు అంతే బరువుతో బయటి నుంచి నొక్కి, "ఏమీ కనిపించలేదు" అని రాస్తారు. 'ఏమీ లేదు' అని తేలిన ఆడవాళ్ళకి ఆ తర్వాత దక్కేది మనోవ్యాధి అన్న ముద్ర.

ఆ ముద్రకి పాత చరిత్ర ఉంది. 1857లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అల్ఫ్రెడ్ రిషే ఈ ఉబ్బిన సిరల గురించి రాశాడు. 1949లో న్యూయార్క్‌లో హోవార్డ్ టేలర్ వాటికీ దీర్ఘకాలపు నొప్పికీ సంబంధం చెబుతూ, దాన్ని మనసులోని ఒత్తిడితోనూ ముడిపెట్టాడు. డాక్టర్లకి రెండో సగమే బాగా గుర్తుండిపోయింది. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో రిచర్డ్ బియర్డ్ బృందం సిరల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీసి, 1984లో లాన్సెట్ పత్రికలో ప్రచురించేదాకా నొప్పికి సాక్ష్యం లేకుండానే గడిచింది. లాపరోస్కోపీలో ఏమీ లేదన్న స్త్రీలలో చాలామందికి సిరలు ఉబ్బి, రంగుమందు వాటిలో నెమ్మదిగా, అయిష్టంగా కదలడం ఆ చిత్రాల్లో కనిపించింది.

అదే బృందం తర్వాత గమనించిన సంగతి నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. ఈ స్త్రీలలో గర్భసంచి మిగతావాళ్ళ కంటే కాస్త పెద్దదిగా ఉంది. అంటే మన స్కానింగ్ రిపోర్టులోని "బల్కీ" అనే మాట గర్భసంచి మీద నేరారోపణ అయి ఉండనక్కర్లేదు. ఊట ఎక్కువైన నేల చెమ్మగిల్లినట్టు, నిలిచిన రక్తంతో అది ఉబ్బి ఉండవచ్చు. కానీ రిపోర్టు చదివేవాళ్ళు ఊటని చూడరు, నేలని తవ్వేస్తారు. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.3. మన రాష్ట్రంలో 8.7. అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. పలాస మనిషి కథలో ఈ అంకె ఎందుకంటే, గర్భసంచి తీసేసినా అండాశయాలు ఉంచితే వాటి సిర అలాగే ఉంటుంది, తలుపు లేని గొట్టమూ అలాగే ఉంటుంది. కొందరికి నొప్పి తగ్గుతుంది. కొందరు గర్భసంచి పోగొట్టుకుని నొప్పిని ఉంచుకుంటారు.

మరి దీన్ని పట్టుకోవడం ఎలా? మొదటి పనిముట్టు ప్రశ్న. నొప్పి ఉందా అని కాదు, ఏ వేళకి వస్తుంది, నిలబడితేనా, పడుకుంటేనా, ముట్టుకి ముందు పెరుగుతుందా. ఆ తర్వాత మన దగ్గర ఎవరూ అడగని ప్రశ్న: భర్తతో కలిశాక గంటల తరబడి, మర్నాటి దాకా సలుపు ఉంటుందా? అత్తగారో ఆశా కార్యకర్తో పక్కన నిలబడి ఉండగా ఈ ప్రశ్నకి జవాబు రాదు. వాళ్ళని టీ తాగి రమ్మని పంపేయాలి. చీర కుచ్చెళ్ళు పక్కకి జరిపి తొడ లోపలి వైపు, వెనక పిరుదు కింద, జననాంగాల దగ్గర వంకర నరాలు తేలాయేమో చూడాలి. తీర ప్రాంతంలో కాలు వాచితే బోదకాలు అనుకోవడం అలవాటు. ఎడమ కాలు ఒక్కటే సాయంత్రానికి బరువెక్కుతుంటే కటి సిరలని కూడా అనుమానించాలి.

తర్వాత బొడ్డుకీ తుంటి ఎముక ముందుకొనకీ మధ్య, అండాశయం ఉండే తావులో వేళ్ళతో లోతుగా నొక్కి చూడాలి. 1988లో బియర్డ్ బృందం లెక్కగట్టింది: అక్కడ నొక్కితే నొప్పి, కలయిక తర్వాత సలుపు, ఈ రెండూ కలిసి ఉంటే జబ్బున్న నూరు మందిలో 94 మందిని పట్టుకోవచ్చు. జబ్బు లేని నూరు మందిలో 77 మందిని సరిగ్గా పక్కన పెట్టవచ్చు. వినడానికి బాగుంది. కానీ అంకెలు చదివేటప్పుడు ఒక్క నిమిషం ఆగాలి. దీర్ఘకాలపు పొత్తికడుపు నొప్పితో వచ్చిన నూరు మందిలో నిజంగా ఈ జబ్బున్నవాళ్ళు 15 మంది అనుకుందాం. వారిలో 14 మంది దొరుకుతారు. మిగిలిన 85 మందిలోనూ 20 మంది దాకా అదే వలలో పడతారు. వలలో మొత్తం 34, అసలు చేపలు 14. కాబట్టి వేళ్ళతో నొక్కి చూసి జబ్బు పేరు పెట్టేయకూడదు. స్కానింగు గదికి ఎవరిని పంపాలో తేల్చుకోవడానికే ఆ పరీక్ష.

తక్కినవి కూడా వెతకాలి. ఎండోమెట్రియోసిస్, గర్భసంచి పొరల్లో టీబీ, పాత ఇన్ఫెక్షన్లు, మూత్రాశయం, పేగులు, నడుం కండరాలు. ఇవన్నీ అదే చోట నొప్పి పెడతాయి. ఒకే మనిషిలో రెండు ఉండడమూ అరుదు కాదు. సిర ఉబ్బి కనిపించగానే దొంగ దొరికాడనుకోవడం కూడా పొరపాటే. చాలామంది తల్లులకి సిరలు ఉబ్బే ఉంటాయి, నొప్పి మాత్రం ఉండదు. ఎందుకు కొందరికే నొప్పి అన్నది ఈ శాస్త్రంలో ఇంకా తేలని ముడి.

స్కానింగుకి, రక్తం నడకని రంగుల్లో చూపే డాప్లర్ చాలు. కానీ చేసే పద్ధతి మారాలి. వీలైతే మధ్యాహ్నం తర్వాత రమ్మనాలి, పని చేసి అలిసిన ఒంటితో. పడుకోబెట్టి ఒకసారి చూశాక లేపి నిలబెట్టాలి. కటిలో 4 మిల్లీమీటర్లు దాటి వంకర్లు తిరిగిన సిరలు, 6 మిల్లీమీటర్లు దాటిన అండాశయ సిర, సెకనుకి 3 సెంటీమీటర్లు కూడా కదలని రక్తం. ఇవీ ఆనవాళ్ళు. ఆ పైన "గట్టిగా ముక్కమ్మా" అనాలి. ముగ్గుర్ని కన్న మనిషికి ముక్కడం ఎలాగో నేర్పనక్కర్లేదు. ఆ ముక్కుడుకి తెర మీద సిరలోని రంగు నీలం నుంచి ఎరుపుకో, ఎరుపు నుంచి నీలానికో ఠక్కున తిరగబడితే రక్తం వెనక్కి నడిచిందన్నమాట. ఇదంతా పది నిమిషాల పని. దీనికి కొత్త మిషను అక్కర్లేదు, టెక్కలిలో ఉన్నదే చాలు. కావాల్సింది రోగిని లేచి నిలబడమనే ఓపిక.

ఇంకెక్కడైనా అయితే ఈ అధ్యాయాన్ని ఇక్కడితో ముగించి చికిత్సలోకి వెళ్ళేవాణ్ణి. ఉద్దానంలో అలా కుదరదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ కొబ్బరి, జీడి తోటల నేలలో కిడ్నీ జబ్బు ఎంత పాకిందో తెలుగు పాఠకులకి తెలుసు. 2019లో ఒక అంతర్జాతీయ కిడ్నీ పత్రికలో వచ్చిన సర్వే ఇక్కడి పెద్దవాళ్ళలో 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. వారిలో ఎక్కువమందికి షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణం లేదు. నీళ్ళు, సిలికా, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం. అనుమానితులు చాలామందే, నేరం మాత్రం ఇంకా ఎవరి మీదా రుజువు కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు.

మన జీడిపిక్కల మనిషి నొప్పికి ఏం చేస్తోంది? మందుల షాపులో అడిగి బిళ్ళ వేసుకుంటోంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఏదో ఒకటి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని ధమనిని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. నొప్పి బిళ్ళ పనిచేసేది వాటిని ఆపే. ఒంట్లో నీరు సరిపడా ఉన్నవాళ్ళకి ఒక బిళ్ళతో ముప్పు ఉండదు. ఉక్కలో చెమటోడ్చి, బయటికి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గించి, రోజూ సాయంత్రం ఒకటి వేసుకునే మనిషి సంగతి వేరు. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఈ బిళ్ళలే కారణమని నేననడం లేదు. కారణం తెలియని నిప్పు రాజుకున్న ఊళ్ళో కిరసనాయిలు పట్టుకు తిరగడం మంచిది కాదంటున్నాను.

కాబట్టి ఇక్కడ ఈ నొప్పితో వచ్చిన ప్రతి మనిషికీ స్కానింగు కంటే ముందే క్రియాటినిన్ చూడాలి. చూసి ఆగకూడదు, లెక్క కట్టాలి. 40 ఏళ్ళ ఆడమనిషికి క్రియాటినిన్ 1.2 వస్తే "కాస్త అటూ ఇటూ, నార్మలే" అని కాగితం మడిచి ఇచ్చేస్తుంటారు. సూత్రంలో వేస్తే ఆమె కిడ్నీల వడపోత నిమిషానికి 59 మిల్లీలీటర్ల దగ్గర తేలుతుంది, అంటే జబ్బు గీతకి కిందే. పీలగా ఉండే ఆడవాళ్ళలో కండ తక్కువ, క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. దాంతో ఆ అంకె వాళ్ళ విషయంలో మంచి మాటలే చెబుతుంది.

ఈ లెక్క మీదే తర్వాతి మెట్టు ఆధారపడుతుంది. సీటీ స్కానుకీ, తొడ దగ్గరో మెడ దగ్గరో సన్నని గొట్టం పంపి తీసే వీనోగ్రఫీకీ అయోడిన్ రంగుమందు కావాలి. ఎంఆర్‌ఐలో వాడే గాడోలినియం పాత రకాలు, వడపోత 30 లోపు పడిపోయినవారిలో చర్మం గట్టిపడే అరుదైన జబ్బు తెస్తాయని 2006లో బయటపడింది. రంగుమందు లేకుండా తీసే ఎంఆర్ పద్ధతులూ ఉన్నాయి. నిలబెట్టి చేసిన డాప్లర్‌లోనే సంగతి స్పష్టంగా తేలితే పెద్ద పరీక్షని చికిత్స రోజుకి వాయిదా వేయవచ్చు. ఒకే రంగుమందుతో చూడడమూ, మూయడమూ అయిపోతాయి.

మూయడం అంటే తలుపు పోయిన సిరలో ప్లాటినం తీగచుట్టలు, నురగమందు పెట్టి గొట్టాన్నే బంద్ చేయడం. 1993లో మొదటిసారి చేశారు. ఇప్పుడు విశాఖలో, హైదరాబాద్‌లో చేయగల నిపుణులున్నారు. రక్తం పక్క దారులు వెతుక్కుంటుంది, చాలామందికి నొప్పి తగ్గుతుంది. కానీ ఆధారాల్లో ఎక్కువ భాగం చిన్న చిన్న అధ్యయనాలే, సరైన పోలికతో చేసినవి కొద్ది. హార్మోన్ మాత్రలతో కొన్నాళ్ళు తగ్గేవాళ్ళూ ఉన్నారు. పలాస నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లు. కూలి మనిషికి ఆ దూరం డబ్బులోనూ, రోజుల్లోనూ ఉంటుంది. అందుకని ముందు పేరు తేల్చుకోవడం, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, మధ్యాహ్నం ఒక్క పావుగంట కాళ్ళు ఎత్తి పడుకోవడం, బిళ్ళ తప్పనప్పుడు పారాసెటమాల్‌కి మారడం. వీటికి రైలెక్కనక్కర్లేదు.

సిర మూస్తే నొప్పి పోతుందనడానికి నాకు నచ్చిన సాక్ష్యం చికిత్స గదుల్లోంచి రాలేదు, కిడ్నీ దాతల నుంచి వచ్చింది. ఎడమ కిడ్నీ తీసేటప్పుడు దాని సిరలోకి వచ్చి కలిసే అండాశయ సిరని కట్టేయక తప్పదు. ఇజ్రాయెల్ డాక్టర్లు 273 మంది స్త్రీ దాతల స్కానులు తిరగేస్తే 27 మందిలో ఆ సిరలు ఉబ్బి కనిపించాయి. వారిలో 22 మంది వివరాలు దొరికాయి. 13 మంది ఏళ్ళ తరబడి పొత్తికడుపు నొప్పి పడుతున్నవాళ్ళే. ఇంకొకరిని బతికించడానికి ఆపరేషన్ బల్ల ఎక్కిన ఆ 13 మందిలో 7గురికి నొప్పి పూర్తిగా పోయింది, ముగ్గురికి తగ్గింది. 2002లో అచ్చయిన అధ్యయనం అది. మన దేశంలో కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది తల్లులు, భార్యలు. ఉద్దానం నుంచి ఒక తల్లి కొడుక్కి కిడ్నీ ఇవ్వడానికి వెళితే ఆపరేషన్‌కి ముందు ఆమెకీ సీటీ తీస్తారు. కిడ్నీ ఎలా ఉందో, ధమనులు ఎన్నో చూస్తారు. ఎడమ అండాశయ సిర కూడా అదే ఫిల్ములో, కిడ్నీకి నాలుగు వేళ్ళ కింద, వేలాడుతూ కనిపిస్తుంటుంది.